హార్వెస్టర్ రిపేరు బండికి పానాలు: ఖరీదైనవి ఎన్ని కొన్నాం, ఎందుకు కొన్నాం

పరకాల, నర్సంపేట వైపు పొలాల దగ్గరికే వెళ్లి హార్వెస్టర్లు, ట్రాక్టర్లు బాగుచేసే ఒక కుర్రవాడు నిరుటి యాసంగి కోతలకు ముందు తన బండికి కొత్త పానాలు కొనుక్కున్నాడు. ఏవి కొనాలో, ఎంతలో కొనాలో ఇద్దరం కూర్చుని తేల్చాం. రెండు కోత సీజన్లు గడిచాక, పోయినవి పోగా మిగిలిన పానాలన్నీ నా వర్క్‌షాప్ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ కొలిచి చూశాం. ఇక్కడ రాస్తున్నది ఆ లెక్క.

ఖరీదైన విదేశీ పానాలకు అంత డబ్బు పెట్టొచ్చా అని మెకానిక్‌లు నన్ను తరచూ అడుగుతుంటారు. పెట్టొచ్చు అనో, దండగ అనో ఒక్క మాటలో చెప్పేస్తే అడిగినవాళ్లకే నష్టం. సెట్టు మొత్తానికి కలిపి ఆ ప్రశ్న వేసుకుంటే జవాబు దొరకదు. ఒక్కో సైజుకు, ఒక్కో రకానికి విడిగా వేసుకోవాలి. ఈ కేసులో మేం చేసింది అదే.

కుర్రవాడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాడు. వరంగల్ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో కొన్నేళ్లు పనిచేసి, పాత పికప్ బండి కొనుక్కుని సొంతంగా దిగాడు. ముద్ర పథకం కింద శిశు రుణం తీసుకున్నాడు. అందులో 50 వేల దాకా ఇస్తారు. వెల్డింగ్ మిషన్, చిన్న కంప్రెసర్, జాకీ పోగా పానాలకు మిగిలేది 20 వేలు. అతను నాకు ఫోన్‌లో చూపించింది ఒక జర్మనీ కంపెనీ కాంబినేషన్ సెట్టు, అంటే ఒక కొసన తెరిచిన నోరు, రెండో కొసన రింగ్ ఉండే పానాలు. అది ఒక్కటి కొంటేనే ఆ 20 వేలు దాటిపోతాయి. బోల్టు తలను చుట్టూ పట్టే రింగ్ పానాలకు, తల మీద టోపీలా తొడిగే సాకెట్లకు పైసా మిగలదు.

"కొంటే ఒక్కసారే మంచియి కొనాలె గదన్నా. ఏడాదికోసారి ఎవలు కొంటరు?" అన్నాడు.

"కొందాం తమ్మీ. ముందు నిరుడు చేసిన పనుల నోట్‌బుక్ తీస్కరా" అన్నాను. ఏ పనికి ఎంత తీసుకున్నాడో రాసుకునే అలవాటు అతనికి ఉంది. ఆ పనుల్లో ఏ సైజు బోల్టులు విప్పాడో పక్కన రాయమన్నాను.

రాసేసరికి లెక్క స్పష్టంగా కనిపించింది. 10, 13, 17, 19 మిల్లీమీటర్ల సైజులు దాదాపు ప్రతి పనిలో ఉన్నాయి. కటర్ బార్ దగ్గర, షీట్ల దగ్గర 10, 13. బేరింగుల దగ్గర, బెల్టు టెన్షనర్ల దగ్గర, ఇంజన్ మీద 17, 19. తర్వాత 24, ఆపైన 30, 32. ఇవి తక్కువసార్లే వస్తాయి కానీ వచ్చినప్పుడు మొండిగా ఉంటాయి. మార్కెట్‌లో దొరికే 12 పానాల ఫిక్స్ సెట్టులో (రెండు కొసలా తెరిచిన నోళ్లే ఉండే పానాలు) 6-7 నుంచి 30-32 వరకు ఉంటాయి. అందులో 21-23, 25-28 అతను ఏడాది పొడవునా ముట్టలేదు. అలాంటి సైజులకు కూడా జర్మనీ రేటు కట్టడం ఎందుకు? మా నిర్ణయం సగం అక్కడే అయిపోయింది.

పాత పెట్టె

కొత్తవి కొనే ముందు పాతవి ఎందుకు పాడయ్యాయో చూడాలని పట్టుబట్టాను. అది తెలియకుండా కొంటే కొత్తవీ అదే దారి పడతాయి.

పాత సెట్టు అంగడిలో కొన్నది. తయారుచేసిన కంపెనీ పేరు ఎక్కడా లేదు కానీ 'క్రోమ్ వెనేడియం' అని మాత్రం పెద్ద అక్షరాలు ఉన్నాయి. 12-13 ఫిక్స్ పానా తీసి, 13 వైపు నోటిని కొత్త బోల్టు తలకు తొడిగి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టాను. బోల్టుకీ నోటికీ మధ్య వెలుగు గీత కనిపించింది. లోపలి వైపు సన్నగా ఉంది, కొసలకు వచ్చేసరికి వెడల్పయింది. వెర్నియర్ కొలబద్దతో కొలిస్తే లోపల 13.3 మిల్లీమీటర్లు, కొసల దగ్గర 13.8. నోరు తెరుచుకుపోయింది. ఆ పానాను తిప్పితే బోల్టు కదలకముందే అది కొంత దూరం ఊరికే తిరిగి, సరిగ్గా బోల్టు మూలల మీద వచ్చి ఆగుతోంది. మనం వేసే బలమంతా రెండు మూలల మీదే పడుతుంది. మూల కొట్టుకుపోతే బోల్టు గుండ్రం, మన వేళ్లు పక్కనున్న షీటు మీద.

17 రింగ్ పానాలో గోటితో గీస్తే తగిలేంత చీలిక ఉంది. దాని వెనుక అంతా సుత్తి దెబ్బలు. 24 ఫిక్స్ పానా కాడ వంగి ఉంది. పైపు తొడిగి లాగిన పానా అలాగే వంగుతుంది.

పైపు గురించి ఒక చిన్న లెక్క చెప్పాలి. 17 కాంబినేషన్ పానా పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. దాని కొస పట్టుకుని 25 కిలోల బలంతో లాగితే బోల్టు మీద దాదాపు 50 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, పడుతుంది. 10 ఎంఎం లావు 8.8 గ్రేడు (ఉక్కు బలం చెప్పే అంకె) బోల్టును బిగించాల్సింది కూడా ఇంచుమించు అంతే. పానాల పొడవును అందుకు తగ్గట్టే పెడతారు. పైపు తొడిగి పొడవు రెట్టింపు చేస్తే టార్క్ రెట్టింపవుతుంది, అదంతా పానా నోటి మీద పడుతుంది. ఎంత పేరున్న కంపెనీదైనా ఫిక్స్ పానా నోరు అందుకోసం చేసింది కాదు. మొండి బోల్టుకు రింగ్ పానా వేయాలి, లేదంటే సాకెట్, దాన్ని తిప్పే పొడవాటి టామీ రాడ్డు వాడాలి.

ఉక్కు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మంచి పానాను క్రోమ్ వెనేడియం లాంటి కలగలుపు ఉక్కుతో, వేడి మీద అచ్చులో కొట్టి తయారుచేస్తారు. తర్వాత గట్టిపరచి, మళ్లీ కొంత వేడిచేసి పెళుసు తగ్గిస్తారు. ఆ రెండో మెట్టే అసలు పనితనం. గట్టిదనం తక్కువైతే నోరు తెరుచుకుంటుంది, ఎక్కువైతే చీలుతుంది. ఇతని పెట్టెలో ఒకే సెట్టులో రెండు జబ్బులూ ఉన్నాయి. అంటే ఆ బ్యాచికి వేడిచేసే పని ఒక తీరుగా జరగలేదు. మీద ఏ లోహం పేరు కొట్టినా, ఈ పని సరిగ్గా చేయకపోతే లాభం లేదు.

సైజుల దగ్గర జరిగే నష్టం

బోల్టులు పాడవడానికి నాసిరకం పానా ఒక్కటే కారణం కాదు. తప్పు సైజు పానా వేయడం అంతకంటే పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

10 ఎంఎం లావు బోల్టు తల పాత జర్మన్ పద్ధతిలో 17 ఉంటుంది. ఇప్పటి అంతర్జాతీయ పద్ధతిలో 16. జపాన్ వాళ్ల చిన్న తల బోల్టుల్లో 14. 12 ఎంఎం బోల్టుకు వరుసగా 19, 18, 17. 8 ఎంఎం బోల్టుకు 13, 13, 12. మన ఊళ్లల్లో తిరిగే మిషన్లలో ఈ మూడు రకాలూ ఉన్నాయి. పైగా ఒకసారి రిపేరయిన మిషన్‌లో ఒకే ఫ్లాంజికి (రెండు భాగాలను బోల్టులతో కలిపే అంచుకి) రెండు రకాల బోల్టులు కనిపిస్తాయి. చేతిలో 17 ఉంది కదా అని 16 తలకు వేస్తే ఒక మిల్లీమీటరు తేడా. ఏ దేశపు పానా అయినా అక్కడ మూలలు కొట్టేస్తుంది.

పాత ట్రాక్టర్లు కొన్నింటికి ఇంచు బోల్టులుంటాయి. అర ఇంచు తల అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 వేస్తే సర్దుకుపోతుంది. 9/16 ఇంచు తల అంటే 14.29. దానికి 14 పట్టదు, 15 వేస్తే 0.7 మిల్లీమీటరు సందు మిగులుతుంది. ఆ బోల్టు రెండుమూడుసార్లకు గుండ్రమైపోవడం ఖాయం. అందుకే అతని లిస్టులో మొదట చేరింది విదేశీ పానా కాదు. 1/2-9/16, 5/8-3/4 ఇంచు రింగ్ పానాలు రెండు, మన దేశపువే. ధర వందల్లో ఉంటుంది. పాత ట్రాక్టర్లు చేసే ఎవరి పెట్టెలోనైనా ఇవి ఉండాలి. అయినా చాలామంది దగ్గర కనిపించవు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

ఇంకొక సంగతి. 17 బోల్టు తల అంటే సరిగ్గా 17 ఉండదు. కొలతల ప్రమాణం ప్రకారం అది 17 నుంచి 16.73 దాకా ఉండొచ్చు. పానా నోరు 17 కంటే కొద్దిగా ఎక్కువే ఉండాలి, లేకపోతే ఎక్కదు. ఈ రెండు తేడాలూ కలిసి బోల్టుకీ పానాకీ మధ్య ఎంత ఆట ఉంటుందో తేలుస్తాయి. బోల్టు తేడా మన చేతిలో లేదు. పానా వైపు తేడా ఎంత తక్కువ ఉంటే అంత మేలు. పేరున్న కంపెనీలు డబ్బు తీసుకునేది ముఖ్యంగా ఈ కొంచెం తేడాను ప్రతి పానాలోనూ ఒకేలా అదుపులో పెట్టినందుకు.

స్టేషన్ రోడ్డు షాపులో

కొనే రోజు జేబులో కొత్త 8.8 గ్రేడు బోల్టులు 10, 13, 17, 19 తలలవి, ఒక వెర్నియర్ పెట్టుకుని వెళ్లాం. వరంగల్ స్టేషన్ రోడ్డులో మన దేశపు కంపెనీలవి అన్నీ దొరుకుతాయి. విదేశీ పానాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాల్సి వచ్చింది.

కౌంటర్ మీద మూడు రకాల 17 కాంబినేషన్ పానాలు పక్కపక్కన పెట్టించాను: పేరు లేనిది, మన దేశపు పేరున్న కంపెనీది, విదేశీది. విదేశీది అంతకుముందే రాణిగంజ్‌లో తీసుకుని వెంట తెచ్చాం. ముందు నోటి లోపల వేలు పెట్టి తడమమన్నాను. పేరు లేనిదాని లోపల పూత ముద్దకట్టి గరుకుగా ఉంది. పూత మందంగా ఉన్నచోట నోరు ఇరుకు, లేనిచోట వదులు. మన దేశపుదీ విదేశీదీ లోపల నునుపుగా, సమంగా ఉన్నాయి. తర్వాత బోల్టు తొడిగి అటూ ఇటూ ఊపాం. పేరు లేనిది బాగా ఊగింది. మన దేశపుది కొంచెం ఊగింది. విదేశీది ఇంకొంచెం తక్కువ. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది, రెండోదానికీ మూడోదానికీ మధ్య చిన్నది. ధరలో మాత్రం తలకిందులు. మొదటి రెండింటి మధ్య వంద రూపాయల తేడా ఉంటే, రెండోదానికి మూడోది ఆరేడు రెట్లు. ఈ మాట అతనికి చెప్పకుండానే అర్థమైంది.

రింగ్ వైపు చూస్తే కథ వేరు. విదేశీ పానా రింగ్ గోడ సన్నగా ఉంది, అయినా బలంగా ఉంది. మన దేశపుది లావు. బయట ఖాళీగా ఉన్న బోల్టుకు ఈ లావుతో పనిలేదు. టెన్షనర్ పుల్లీ వెనుక, రెండు షీట్ల మధ్య ఇరుక్కున్న బోల్టుకు రింగ్ దూరుతుందా లేదా అన్నదే పని. ఉక్కు మేలుదైతే గోడ సన్నగా చేసినా తట్టుకుంటుంది. ఖరీదైన పానాలో నాకు నిజంగా విలువ కనిపించేది ఇక్కడ.

రింగ్ లోపలి ఆకారం కూడా గమనించాలి. అమెరికా కంపెనీ స్నాప్-ఆన్ 1960లలో ఫ్లాంక్ డ్రైవ్ అనే పద్ధతి తెచ్చింది. పానా బోల్టు మూలను కాకుండా, మూలకు కొంచెం పక్కన ఉన్న చదును భాగాన్ని నెట్టేలా లోపల గుండ్రని వంపు ఇస్తారు. మూలలు బతుకుతాయి. ఆ తర్వాత చాలా కంపెనీలు వేరే పేర్లతో ఇదే పద్ధతి పాటించాయి. ఇప్పుడు ధర తక్కువ ఉన్న మంచి రింగుల్లోనూ, సాకెట్లలోనూ ఈ వంపు కనిపిస్తుంది. రింగ్‌లోకి తొంగిచూస్తే మూలలు కత్తిలా పదునుగా ఉన్నాయా, గుండ్రంగా ఉన్నాయా తెలిసిపోతుంది. గుండ్రంగా ఉన్నదే తీసుకోవాలి.

మన దేశపు పానాలను తక్కువ చూపు చూడనక్కర్లేదు. నాసిక్‌లో ఉన్న తపారియా 1969లో స్వీడన్ కంపెనీ సాంకేతిక సాయంతో మొదలైంది. జలంధర్, లూధియానాల్లో తయారయ్యే చేతి పనిముట్లు ఎన్నో దేశాలకు ఎగుమతి అవుతాయి. ఫిక్స్ పానాలకు ఐఎస్ 2028, రింగ్ పానాలకు ఐఎస్ 2029 అని మన ప్రమాణాలున్నాయి. పానా మీద గానీ పెట్టె మీద గానీ కంపెనీ పేరు, ఈ నంబరు స్పష్టంగా ఉంటే తీసుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది డూప్లికేట్ విషయంలో. పేరున్న కంపెనీ గుర్తుతోనే నకిలీలు వస్తాయి. అక్షరాలు లోతు తక్కువగా, అంచులు చెదిరినట్టు ఉంటే అనుమానించాలి. డీలరు దగ్గర బిల్లుతో కొంటే సగం బెంగ తీరుతుంది. బిల్లు లేకుండా యాభై తగ్గిస్తానంటే వద్దని చెప్పాం.

ఏవి ఎక్కడివి కొన్నాం

6-7 నుంచి 30-32 వరకు రింగ్ సెట్టు, 8 నుంచి 24 వరకు కాంబినేషన్ సెట్టు మన దేశపు కంపెనీవే. అర ఇంచు (హ్యాండిల్ దూరే చదరం కొలత) సాకెట్ సెట్టు కూడా మన దేశపుదే కానీ ఆరు మూలలది. పన్నెండు మూలల సాకెట్ తేలిగ్గా ఎక్కుతుంది నిజమే, కానీ తుప్పు పట్టి మూలలు అరిగిన బోల్టుకు ఆరు మూలలదే పట్టు ఇస్తుంది. పొలంలో మనకు ఎదురయ్యేవి అలాంటివే.

విదేశీవి కొన్నది నాలుగు కాంబినేషన్ పానాలు: 10, 13, 17, 19. వీటితోపాటు 17-19 ఫ్లేర్ నట్ పానా ఒకటి. డీజిల్ పైపులు, హైడ్రాలిక్ పైపుల నట్లకు వాడే రకం ఇది. రింగ్‌లో పైపు దూరేంత సందు కోసి ఉంటుంది. పైపు మీదుగా దూర్చి నట్టు మీదికి దించితే, ఫిక్స్ పానాలా రెండు వైపులే కాకుండా చుట్టూ పట్టుకుంటుంది. రింగ్‌లో కోత ఉన్నందువల్ల నాసిరకం ఉక్కు అయితే ఇది సులువుగా విచ్చుకుంటుంది. ఈ ఒక్క రకంలో ధర చూడొద్దని నేను మొదటినుంచీ చెప్పాను. ఇంకొకటి రాచెట్ హ్యాండిల్, సాకెట్‌ను తీయకుండానే అటూ ఇటూ ఆడిస్తూ బోల్టు తిప్పేది. 24 పళ్ల రాచెట్ ఒక్కో క్లిక్కుకు 15 డిగ్రీలు తిరగాలి. 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు. చెయ్యి ఆడని సందులో ఆ పది డిగ్రీల తేడాతోనే పని అవుతుంది.

24, 30, 32 సైజుల్లో ఖరీదైనవి అసలు ఆలోచించలేదు. ట్రాక్ చైన్ బోల్టుల దగ్గర సుత్తి పడుతుంది. అక్కడికి సుత్తితో కొట్టడానికే చేసిన లావు రింగ్ పానాలు, స్లగ్గింగ్ పానాలు తీసుకున్నాం. అవి మన దేశపువి బ్రహ్మాండంగా ఉంటాయి.

కంప్రెసర్ గాలితో బోల్టులు విప్పే గన్నుకు వేరే నల్ల సాకెట్లు, క్రోమ్ మాలిబ్డినం ఉక్కువి. ఈ విషయంలో రాజీ ఉండకూడదు. మెరిసే చేతి సాకెట్‌ను గన్నుకు తగిలిస్తే పగిలి ముక్కలు కంటికి తగలొచ్చు. ఎంత పేరున్న కంపెనీదైనా చేతి సాకెట్ చేతికే.

ఇంజన్ హెడ్ బోల్టులను కొలత ప్రకారం బిగించడానికి టార్క్ రెంచ్ మధ్యరకం ధరలో ఒకటి. దీని విలువ పేరులో కంటే కొలత పరీక్షలో ఉంటుంది. 12 నెలలకోసారి లేదా 5,000 సార్లు వాడాక మళ్లీ పరీక్ష చేయించమని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. పని అయ్యాక స్కేలును అన్నిటికంటే కింది అంకెకు దించి పెట్టాలి, స్ప్రింగు బిగుసుకుని ఉండకూడదు. అడ్జస్టబుల్ స్పానర్ ఒకటి పెట్టెలో ఉండనిచ్చాం, ఇంజన్ దగ్గరికి తీసుకెళ్లకూడదన్న షరతుతో.

మొత్తం కలిపి బడ్జెట్‌లోనే సరిపోయింది. అందులో మూడో వంతు పైచిలుకు ఆ ఆరు విదేశీ వస్తువులకే వెళ్లింది.

రెండు సీజన్లలో తేలింది

యాసంగి కోతల్లో శాయంపేట వైపు ఒక పొలంలో చైన్ హార్వెస్టర్ ఆగిపోయింది. ఇంజెక్టర్ పైపు దగ్గర డీజిల్ కారుతోంది. పడమట మబ్బు పట్టింది, చెడగొట్టు వాన వచ్చేలా ఉంది. సగం మడి కోత మిగిలి ఉంది. మిషన్ కిరాయి గంటకు రెండు వేల పైమాటే, అది ఒక పక్క. వాన పడితే గింజ రాలి నేలపాలవుతుంది, అది రైతు పక్క. "ఎట్లైనా నడిపియ్యి బిడ్డా, వడ్లు తడిస్తే ఎవలు కొనరు" అని రైతు పక్కనే నిలబడ్డాడు.

17 నట్టు మూలలు అప్పటికే ఎవరో సగం కొట్టేసి ఉన్నారు. కుర్రవాడు ముందు మన దేశపు కాంబినేషన్ పానా ఫిక్స్ వైపు వేశాడు. మూలల మీదికి ఎక్కుతున్నట్టు చేతికి తెలియగానే ఆపేశాడు. ఆ తెలివికి అతన్ని మెచ్చుకోవాలి. పైపు మీదుగా ఫ్లేర్ నట్ పానా దూర్చి, అడుగు దాకా దించి, అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. నట్టు విడిచింది. కొత్త పైపు వేసి, పైపులో చేరిన గాలి తీసి, మిషన్ స్టార్ట్ చేశాడు. వాన కంటే ముందే కోత అయిపోయింది. ఆ నట్టు పూర్తిగా గుండ్రమై ఉంటే పంపు దగ్గర నుంచి విప్పాల్సి వచ్చేది, ఆ రోజుకు పని ఆగిపోయేది. ఆ పానా ధర ఆ ఒక్క సాయంత్రమే తీరిపోయిందని నేను అంటాను. అయితే నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. అక్కడ గెలిపించింది ముందు పానా రకం, ఆ తర్వాతే కంపెనీ. ఖరీదైన ఫిక్స్ పానా ఉండి, మామూలు ఫ్లేర్ నట్ పానా కూడా లేని పెట్టెతో ఆ నట్టు వచ్చేది కాదు.

సీజన్లు అయ్యాక కొలిచినప్పుడు విదేశీ 17 నోటిలో వెర్నియర్‌కు అందే మార్పు లేదు. మన దేశపు 17 నోరు కొన్నప్పటికంటే 0.05 మిల్లీమీటరు ఎక్కువ చూపింది. అంటే పనికి అడ్డం వచ్చే మార్పు కాదు. విదేశీ 19 విషయంలో నాకు డబ్బు ఎక్కువ పెట్టాం అనిపించింది. 19 బోల్టులు చాలావరకు బయట, చెయ్యి ఆడే చోటే ఉంటాయి. అక్కడ రింగ్ సన్నగా ఉన్నా లావుగా ఉన్నా ఒకటే. 10, 13 మాత్రం రోజూ వాటి విలువ చూపించాయి. చిన్న బోల్టుల తలలు తొందరగా పాడవుతాయి, ఇరుకు చోట్లన్నీ వాటివే.

అతనికి పెద్ద దెబ్బ మరో వైపు నుంచి తగిలింది. పానాలు అరగలేదు, పోయాయి. వరిగడ్డిలో, బురదలో పడిన పానా దొరకదు. కొన్ని అడిగి తీసుకున్నవాళ్ల దగ్గరే ఉండిపోయాయి. విదేశీ 13 వానాకాలం కోతల్లో గడ్డిలోనే పోయింది. పొలంలో పనిచేసేవాళ్లు ధర లెక్క కట్టేటప్పుడు అరుగుదల కంటే పోగొట్టుకోవడాన్నే ఎక్కువగా వేసుకోవాలి. నలభై ఏళ్లు మన్నే పానా నలభై ఏళ్లు మన దగ్గర ఉంటేనే ఆ ధరకు అర్థం. ఆ తర్వాత అతను విదేశీవాటికి కాడల మీద ఎర్ర టేపు చుట్టాడు, టార్పాలిన్ పరిచి దాని మీదే పనిచేస్తున్నాడు. బండి ఎక్కే ముందు పెట్టెలో పానాల గూళ్లు చూసుకుంటాడు. ఖాళీ గూడు ఉంటే కదలడు.

ఇదే పానాలు కాజీపేట రైల్వే షెడ్డు లాంటి చోటో, రామగుండం ప్లాంటు మెయింటెనెన్స్‌లోనో ఉంటే నా సలహా మారుతుంది. అక్కడ స్టోరు ఉంటుంది, పానా ఇచ్చి పుచ్చుకునే రిజిస్టరు ఉంటుంది, పోయే భయం తక్కువ. రోజంతా అదే పానా పట్టుకునే చేతికి బరువు, అంచుల నునుపు కూడా లెక్కే. అక్కడ సెట్టు మొత్తం మంచిది కొన్నా నేను కాదనను. ఇంట్లో ట్రాక్టర్ ఉన్న రైతుకు మాత్రం 10-11 నుంచి 18-19 దాకా మన దేశపు రింగ్, ఫిక్స్ పానాలు చాలు.

వారంటీ సంగతి

ఖరీదైన కంపెనీలు జీవితకాలం వారంటీ అంటాయి. అమెరికాలో స్నాప్-ఆన్ డీలరు వ్యాను మెకానిక్ షాపు ముందుకే వస్తుంది. విరిగింది తీసుకుని కొత్తది చేతిలో పెడుతుంది, వాయిదాల మీద కూడా ఇస్తుంది. ఆ ధరలో కొంత భాగం ఆ సేవకే. వరంగల్‌కు ఆ వ్యాను రాదు. మన కుర్రవాడి విదేశీ రాచెట్‌లో వరిదుమ్ము చేరి లోపలి పన్ను పట్టు వదిలింది. రిపేరు కిట్టు తెప్పించడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజులన్నీ అతన్ని నడిపించింది సాకెట్ సెట్టుతో వచ్చిన మామూలు రాచెట్టే. కాబట్టి మన దగ్గర వారంటీని ధరలో కలిపి లెక్క కట్టొద్దు. కొన్న ఊళ్లోనే మార్చి ఇచ్చే డీలరు ఉన్నాడా అని అడగాలి. స్టేషన్ రోడ్డు డీలరు చీలిన దేశీ సాకెట్ ఒకదాన్ని బిల్లు చూసి అక్కడికక్కడే మార్చి ఇచ్చాడు. పొలానికి వెళ్లాల్సిన మనిషికి ఇలాంటి వారంటీ కావాలి.

వచ్చే కోతలకు లిస్టు ఇప్పటికే రాసుకున్నాం. పోయిన 13 స్థానంలో మళ్లీ అదే విదేశీది, ఆలస్యం లేకుండా. 19 పోతే మాత్రం దేశీదే. అతను తిరిగే ఊళ్లకు జపాన్ రకం హార్వెస్టర్లు కొత్తగా రెండుమూడు వచ్చాయి కాబట్టి 12, 14 సైజుల్లో సన్నరింగ్ కాంబినేషన్ పానాలు ఒక్కొక్కటి. రాచెట్‌కు రిపేరు కిట్టు ముందే ఒకటి తెప్పించి పెట్టెలో ఉంచాలి. డబ్బు మిగిలితే పావు ఇంచు చిన్న సాకెట్ సెట్టు, దేశీది.